పెదవులు మాత్రం కదిపితే చాలు

సెబూ, ఫిలిప్పీన్స్
అక్టోబరు 6

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

ఈ ఉదయం పక్క సర్దుతుంటే దిండు ఒక మూల బోసిగా కనిపించింది. మీరు బూరుగు దూదితో కుట్టించి ఇచ్చిన దిండే. ఆ మూల కుట్టు విప్పి రోజూ చిటికెడు దూది తీసి చెవుల్లో పెట్టుకుంటున్నాను. నెల రోజుల్లో ఇంత తగ్గుతుందనుకోలేదు.

కారణం క్రిస్మస్. నవ్వకండి. ఇక్కడ సెప్టెంబరు ఒకటో తారీఖునే మొదలైపోయింది. కిరాణా కొట్లో ఉల్లిపాయల బుట్ట పైన నక్షత్రాలు వేలాడదీశారు. మా పక్కింట్లో పాటల మెషీన్ ఉంది. ఒక టీవీ, మనిషెత్తు స్పీకర్లు రెండు, ఒక మైకు. పాట నంబరు నొక్కితే మాటలు తెర మీదికి వస్తాయి, మనం పాడాలి. పాట అయ్యాక అది వందకి ఇన్నని మార్కులు వేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడతారు. ఆ ఇంటి పెద్దావిడ లోలా పిలార్. లోలా అంటే ఇక్కడ అమ్మమ్మ. ఆవిడ రోజూ ఒకటే క్రిస్మస్ పాట పాడుతుంది. ఆవిడ మార్కులు నాకు కంఠస్థం.

మన పేటలో ఏసుపాదంగారు చర్చి మీద నాలుగు హారన్లు కట్టి తెల్లవారుజామునే పాటలు వేస్తే దుప్పటి ముసుగేసుకుని విసుక్కునేదాన్ని. ఆయన్ని క్షమించేశాను. ఆయన డిసెంబరు దాకా ఆగేవారు.

ఈ సెమిస్టరులో మాకు చెవి, ముక్కు, గొంతు. చెవి గురించిన పుస్తకాన్ని చెవులు మూసుకుని చదువుతున్నాను.

ఫోన్ చేస్తే మీరు దేనికైనా "సరే సరే" అంటున్నారు. మొన్న వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే కూడా సరే అన్నారు. అందుకే ఉత్తరం. దీన్ని ఫొటో తీసి బెన్నీ అన్నయ్య జిరాక్స్ షాపుకి పంపుతాను. తను ప్రింటు తీసి మీకు ఇస్తాడు. అన్నయ్యా, చదవకు.

మీ మేనకోడలు
షైనీ


రాజోలు
అక్టోబరు 15

షైనీకి,
అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. చదవలేదని బెన్నీ ఒట్టు వేశాడు. ఒట్టు వేస్తూనే "దిండు ఎంత మిగిలిందంట?" అని అడిగాడు.

ముందు తప్పులు. ఉత్తరం పైన సంవత్సరం వెయ్యలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి తెలుగు చెప్పినదాని మేనకోడలివి. అర మార్కు తగ్గించాను. కోపంలో నేనూ మరిచిపోయాను, అది వేరే సంగతి.

గోల గోల అని వాపోతున్నావు. నీ అదృష్టం చూసుకో. ఇక్కడ ఏసుపాదంగారి మైకు ఈమధ్య మూలుగుతోంది. అడిగితే "లేదండీ, అదే సౌండండీ" అంటారు. పెంచమంటే పెంచానంటారు, పెరిగినట్టే ఉండదు. క్వయర్ పిల్లలు గొణుగుతున్నారు. మా చిన్నప్పుడు పేట చివర్న పాడితే కాలవ అవతలికి వినిపించేది. హార్మోనియంలో గాలి నిలవడం లేదు, రెండుసార్లు బాగుచేయించాను. ఆఖరికి పిచ్చుకలు కూడా మన పెరడు మానేశాయి. ఊళ్లో భక్తి తగ్గింది, వాటికీ తగ్గింది.

గోల ఉన్నది ఒక్క రామలక్ష్మిగారికే. నీకు గుర్తుందిగా, గోడ అవతల కొబ్బరితోట వాళ్లు. మొన్న గోడ మీంచి చేతులు జోడించి, "టీచరుగారూ, మీ టీవీ కాస్త తగ్గించండి, మా కోడలు ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుకోలేకపోతోందండి" అంది. అత్తగారై ఉండి కోడలు పుట్టింటివాళ్లతో మాట్లాడుకోవాలని అంత తపనేమిటో!

వాళ్లేం పాడుతున్నారు, ఏం వాయిస్తున్నారు, గొంతులెలా ఉన్నాయి, అన్నీ వివరంగా రాయి. గోల అని ఒక్క మాటలో తేల్చేస్తే మాకేం తెలుస్తుంది?

సరోజిని అత్తయ్య


సెబూ
నవంబరు 3

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

సంవత్సరం ఈసారీ వెయ్యలేదు. మీరూ వెయ్యలేదు కాబట్టి సమానం.

నాకు ఎదురుగా నిలబడి ఎవర్నీ ఏదీ అడగడం రాదని మీకు తెలుసు. అందుకని కాన్వెంట్లో సిస్టర్లు నేర్పిన పద్ధతిలో ఒక విన్నపం రాశాను. గౌరవనీయులైన అమ్మగారికి, విషయం, మధ్యాహ్నం వేళ శబ్దం గురించి. కింద సంతకం, ఇంటి నంబరు 3108. తీసుకెళ్లి లోలా పిలార్ చేతికిచ్చాను.

ఆ ఇంట్లో పాట కావలసినవాళ్లు చీటీ మీద పాట నంబరు రాసి ఇస్తారట. నాకు తెలియదు. ఆవిడ కళ్లద్దాలు పైకెత్తి, కాగితమంతా వెతికి, 3108 దొరకగానే సంతోషంగా మెషీన్లో నొక్కింది. పాట వచ్చింది. మైకు నా చేతిలో పెట్టింది.

ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. పారిపోదామంటే గుమ్మంలో ఆవిడ అల్లుడు నిలబడి ఉన్నాడు, నూడుల్స్ పళ్లెంతో.

మూడో తరగతిలో మీరు నన్ను క్వయర్ వెనక వరసలో నిలబెట్టి, "షైనీ, నువ్వు పెదవులు మాత్రం కదిపితే చాలు" అన్నారు, గుర్తుందా? అదే చేశాను. పధ్నాలుగేళ్ల సాధన కదా, బాగా వచ్చింది. లోలా నా పక్కన నిలబడి పాడేసింది. మెషీన్ డెబ్భై ఒకటి వేసింది. "మొదటిసారికి చాలా మంచి మార్కులు" అని ఆవిడ నా బుగ్గలు నొక్కింది.

మీరడిగినవి. ఒక గిటారు, తీగలు ఐదే. బియ్యం డబ్బా మీద డప్పు. సోడా మూతలు తీగకి గుచ్చిన గలగలలు. అల్లుడి గొంతు లావు, ఇనప గేటు ఈడ్చినట్టుంటుంది. లోలాది సన్నం, కానీ ఎత్తు తగ్గదు. స్పీకరు ఇంకా పెంచమని ఆవిడే చెయ్యి ఊపుతూ ఉంటుంది.

విన్నపం వాళ్ల ఫ్రిజ్ మీద అంటించారు. ఎవరూ చదవలేదు.

షైనీ


రాజోలు
నవంబరు 12

షైనీకి,
అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే రామలక్ష్మిగారు గోడ దగ్గరికి వచ్చింది. బెన్నీ షాపులో ముందే నవ్వేశాడట, జిరాక్స్ కొచ్చిన వాళ్లతో సహా.

పెదవులు కదపమన్న సంగతి నాకు గుర్తు లేదు.

ఇక్కడ ఒక కొత్త వ్యవహారం. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఏసుపాదంగారు చెప్పులు వేసుకుంటూ, "టీచరుగారూ, ఈ క్రిస్మస్‌కి కుర్రాళ్లు బ్లూటూత్‌లో ట్రాక్ పెట్టుకుంటామంటున్నారండీ. మీకూ శ్రమ తగ్గుద్దండీ" అన్నారు.

"నాకు శ్రమని ఎవరన్నారు?" అన్నాను.

"ఎవరూ అన్లేదండీ."

"ముప్పై ఒక్క క్రిస్మస్‌లు ఈ గుళ్లో మొదటి పాట నేనే ఎత్తాను. ఇరవై ఐదో తారీఖు పొద్దున్న కూడా నేనే ఎత్తుతాను."

"ఆయ్" అన్నారు. ఆ ఆయ్ నాకు నచ్చలేదు.

ముఖ్యమైన మాట. ఇక క్యారల్స్ మొదలవుతాయి. మీ వాకిట్లోకి పాడుతూ ఎవరైనా వస్తే నిలబెట్టి పంపేయకు. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. కూర్చోబెట్టు, టీ ఇవ్వు, ఏదో ఒకటి నోటికి పెట్టు, వాళ్లలో పెద్దాయన చేత ప్రార్థన చేయించుకో. గోరుమిటీలు వేయించి, బెల్లం పాకం పట్టి డబ్బాలో పెట్టాను. మీ కాలేజీకి వెళ్లే కుర్రాడెవరో అమలాపురంలో ఉన్నాడట, బెన్నీ అందజేస్తాడు. డబ్బా తిరిగి రావాలి.

సరోజిని అత్తయ్య


సెబూ
డిసెంబరు 1

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

గోరుమిటీలు అందాయి. అయిపోయాయి. నేను తిన్నవి నాలుగు.

శుక్రవారం సాయంత్రం క్యారల్స్ వచ్చారు. మా వీధి చివర స్టాండులో ఉండే ఆటోవాళ్లు, ఏడుగురు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, గేటు బయట నిలబడి ఒక పాట పాడతారు, మనం ఏదో చేతిలో పెడతాం, వెళ్లిపోతారు. ఇది నాకు తర్వాత తెలిసింది.

నేను గేటు తీశాను. ఇంటావిడ దగ్గర కుర్చీలు అడిగి తెచ్చి వేశాను. రైస్ కుక్కర్లో అల్లం టీ పెట్టాను. గోరుమిటీలు పంచాను. వాళ్లు మొహమొహాలు చూసుకుని కూర్చున్నారు. తిన్నారు. తర్వాత వాళ్లలో పెద్దాయన లేచి ప్రార్థన చేస్తారని నేను చేతులు కట్టుకుని ఎదురుచూశాను. నేను వెళ్లమంటానని వాళ్లు ఎదురుచూశారు. ఎవరం కదల్లేదు. మర్యాద కాదనుకున్నారేమో, ఇంకో పాట ఎత్తుకున్నారు. నేను టీ పోశాను. వాళ్లు మళ్లీ పాడారు. పదకొండు పాటలు, అత్తయ్యగారూ. చివరికి నేనే కళ్లు మూసుకుని తల వంచుకున్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని వాళ్లు కంగారుపడి, నా మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. నాకు కావలసిందీ అదే.

శనివారం చేపల బజారు ఆడవాళ్లు వచ్చారు. 3108లో టీ ఇస్తారని తెలిసిపోయింది. ఆదివారం రెండు జట్లు. లోలా పిలార్ తన కుర్చీ తనే తెచ్చుకుని మా వాకిట్లోనే ఉంటోంది.

ఈ ఉదయం తలుపు కింద ఒక కాగితం దొరికింది. పైవాటాలో అద్దెకుంటున్న కుర్రాడు రాశాడు. గౌరవనీయులైన పొరుగువారికి, విషయం, సాయంత్రం వేళ శబ్దం గురించి.

వీధిలో అన్నిటికంటే గోల ఇల్లు ఇప్పుడు నాది.

ఇంకొకటి చూశాను. అది ఈ ఉత్తరంలో రాయను.

షైనీ


సెబూ
డిసెంబరు 4

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

ఇది బెన్నీ అన్నయ్య ద్వారా రాదు. కొత్తపేట అమ్మాయి లక్ష్మీదుర్గ సెలవులకు వస్తోంది. కవరు అంటించి తన చేతికిచ్చాను. మీకు తప్ప ఎవరికీ ఇవ్వదు.

మొన్న రాయని సంగతి ఇది. మా వాకిట్లో ఆటోవాళ్లు పాడుతున్నంతసేపూ లోలా పిలార్ గిటారు పక్కనే కూర్చుని, దాని చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. తీగలు ఆగినప్పుడు చెయ్యి తీసింది. మళ్లీ మోగగానే పెట్టింది. వినడం లేదు, తడిమి తెలుసుకుంటోంది.

క్రిందటి క్రిస్మస్‌కి మీరు హార్మోనియం మీద అరచెయ్యి ఆనించి పాట ఎత్తారు. మేమందరం భక్తి అనుకున్నాం.

మూడు నెలలుగా చెవి గురించే చదువుతున్నాను. అయినా నాకు ఇప్పుడు తెలిసింది, సిగ్గుగా ఉంది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. చిన్నపిల్లల గొంతులు, పిచ్చుకలు. తర్వాత మైకు మూలుగుతున్నట్టు ఉంటుంది. టీవీ పెంచుతారు. ఫోన్లో సరే సరే అంటారు. మా పుస్తకంలో ఇది పదకొండో అధ్యాయం. మీ ఉత్తరంలో ఒక్క పేజీలో ఉంది.

అమలాపురంలో పరీక్ష చేస్తారు, గంట పని. చెవి వెనక చిన్న మెషీన్ పెడతారు. నేను ఎవరికీ చెప్పను. ట్రాక్ వద్దన్నది మీరు, నాకూ వద్దు. ఇరవై ఐదో తారీఖు పొద్దున్న మీరు పాట ఎత్తాలి. ఎత్తాక వెనకవాళ్లు ఎక్కడున్నారో మీకు వినపడాలి. లేకపోతే ఆ రోజు అందరికీ తెలిసిపోతుంది, మీరు ఒప్పుకోకముందే.

షైనీ


రాజోలు
డిసెంబరు 9

షైనీకి,

నీ కవరు అందింది. నా చెవులు బాగానే ఉన్నాయి.

మనిషి చేతికిచ్చి పంపే కవరు మీద పిన్‌కోడ్ అక్కర్లేదు. పైగా తప్పు రాశావు.

గోరుమిటీల డబ్బా పంపు.

కె. సరోజిని


సెబూ
డిసెంబరు 14

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

దీవెనలు లేని ఉత్తరం మీ దగ్గర్నుంచి మొదటిసారి అందుకున్నాను. డబ్బా పంపుతాను.

ఇది పూర్తిగా లోలా పిలార్ సంగతి. అన్నయ్య చదివినా ఫర్వాలేదు.

బుధవారం ఆవిడ నన్ను వాళ్లింటి లోపలి గదిలోకి తీసుకెళ్లి బిస్కట్ల డబ్బా ఒకటి తీసింది. మీ దగ్గరున్నలాంటిదే, నీలం రంగు గుండ్రటి డబ్బా. లోపల మీ డబ్బాలోలాగే బిస్కట్లు లేవు. దారపు ఉండలు, బొత్తాలు, వాటి అడుగున చెవి మెషీన్. రెండేళ్ల క్రితం కూతురు కొనిచ్చిందట. ఒక్కసారీ పెట్టుకోలేదు.

"ఇది పెట్టుకుంటే ముసలిదంటారు" అంది.

ఒక కాగితం మీద రాసి చూపించాను: పెట్టుకోకపోతే?

కళ్లద్దాలు పైకెత్తి చదివింది. "చెవిటిదంటారు" అంది. తర్వాత తనే పకపకా నవ్వింది. ఎనభై ఒక్కేళ్లు, ముసలిది కాదని ఎవరు మాత్రం అంటారు?

బ్యాటరీ వేసి పెట్టాను. అప్పుడే అల్లుడు గుమ్మంలోంచి భోజనానికి రమ్మని పిలిచాడు. ఆవిడ అదిరిపడి, "ఎందుకురా అంత అరుస్తావు?" అంది. ఆయన రెండేళ్లుగా అరుస్తున్నాడు. అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం ఆవిడే వెళ్లి స్పీకరు సగానికి తగ్గించింది. ఇప్పుడు మా వీధిలో గోడ మీద బల్లి పలికినా వినపడుతోంది. దూది తీసేశాను. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

షైనీ


రాజోలు
డిసెంబరు 27

షైనీకి,
అత్తయ్య దీవెనలు. క్రితంసారి బాకీ పడినవి కూడా కలిపి.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు రామలక్ష్మిగారు గోడ దగ్గర నిలబడి, "అమలాపురం చీరలకి వెళ్దాం రండి టీచరుగారూ" అంది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను చీరలకి పిలిచింది లేదు. బస్సులో కూర్చున్నాక చెవి మీద జుట్టు పక్కకి తీసి చూపించింది. నాలుగేళ్లుగా పెట్టుకుంటోందట. నాకు తెలియనే తెలియదు.

"షైనీ చెప్పిందా?" అన్నాను.

"లేదండీ. మీ టీవీ చెప్పిందండీ."

ముందు పరీక్ష, చెవికి మెషీన్, తర్వాత చీర. బెన్నీకి చూపించడానికి చీర కావాలి కదా. అయినా ఇప్పుడు బెన్నీకీ తెలుసు, ఈ ఉత్తరం వాడి చేతి మీదుగానే వస్తోంది. ఒరే బెన్నీ, నవ్వకు.

వచ్చేటప్పుడు బస్సులో ప్రతివాళ్ల చేతిలో కవర్లూ గరగరలాడాయి. ఇంటికొస్తే నా చెప్పుల చప్పుడు నాకే వింతగా ఉంది. పిచ్చుకలు మన పెరడు మానలేదు. కొబ్బరిమట్ట మీద కూర్చుని పోట్లాడుకుంటున్నాయి.

మర్నాడు తెల్లవారుజామున ఏసుపాదంగారి మైకు మోగింది. మంచం మీంచి లేచి కూర్చున్నాను. ఆయన ఇంటికి వెళ్లి, "ఏమిటండీ ఈ గోల? పేటంతా ఎలా భరిస్తోంది?" అన్నాను.

"మీరే పెంచమన్నారండీ. నాలుగుసార్లు పెంచేనండీ. ఇంక పెంచడానికి మెషీన్లో జాగా లేదండీ" అన్నారు.

రెండు హారన్లు దింపించాను. రామలక్ష్మిగారు గోడ అవతల్నుంచి, "ఆయ్, పన్నెండేళ్లుగా నేను చెప్తూనే ఉన్నానండి. వినపడితే కదండీ మీకు!" అంది. ఇక జీవితాంతం ఈ మాట పడాలి.

నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను. ఇరవై ఏళ్ల క్రితం చెవులు మందగించాయని రత్నంగారిని హార్మోనియం దగ్గర్నుంచి లేపింది నేనే. అందరి ముందూ లేపాను. ఆయన మళ్లీ గుళ్లో వెనక బల్ల దాటి ముందుకి రాలేదు. ఆ బల్ల నాకోసం కాచుకుని ఉందని ఏడాదిగా భయం. అందుకే పిన్‌కోడ్ తప్పని రాశాను. అది తప్పు కాదు, సరిచూశాను.

క్రిస్మస్ పొద్దున్న చెవికి మెషీన్ పెట్టుకుని, కొంగు కప్పకుండా నిలబడ్డాను. పాట ఎత్తాను. హార్మోనియంకి ఏ రోగమూ లేదు. పిల్లలు గొణగడం లేదు. అందరి గొంతులూ విడివిడిగా వినపడ్డాయి. రెండో వరసలో ఒక గొంతు లేదు. ఏసుపాదంగారి మనవరాలు పెదవులు మాత్రం కదుపుతోంది. పాట అయ్యాక పిలిచి అడిగాను.

"మీరే చెప్పేరండీ టీచరుగారూ, పెదవులు కదిపితే చాలని" అంది.

నీ సంగతి గుర్తు లేదని రాశాను. గుర్తుంది. నువ్వు తెల్ల రిబ్బన్లు కట్టుకుని వచ్చావు ఆ రోజు.

రెండో పాటకి ఆ పిల్లని పాడమన్నాను. దారుణంగా పాడింది. పాడనిచ్చాను.

ఇరవై నాలుగున మీ వీధిలో పాడింది నువ్వు పంపావని బెన్నీ వినిపించాడు. మూడుసార్లు విన్నాను. ఐదు తీగల గిటారు బాగుంది. బియ్యం డబ్బా ఇంకా బాగుంది. మైకులో ఒక ఆడగొంతు మొదటి చరణంలోనే శ్రుతి తప్పింది, చివరిదాకా దొరకలేదు, అయినా ఎక్కడా ఆగలేదు. మీ లోలా పిలారే అయి ఉంటుంది. ఆవిడకి నా మాటగా చెప్పు. శ్రుతి ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. అలా ఆగకుండా పాడటం నేర్పితే రాదు.

ఇకనుంచి ఫోన్ చెయ్యి, సరే సరే అనను. ఉత్తరాలు మానకు.

సరోజిని అత్తయ్య


సెబూ
జనవరి 1

అత్తయ్యగారికి,
షైనీ వందనాలు.

దీవెనలు రెండు విడతలవీ అందాయి. చెవి ముక్కు గొంతు పాసయ్యాను. పదకొండో అధ్యాయం నుంచి పెద్ద ప్రశ్న వచ్చింది.

దిండు మళ్లీ నిండింది. బూరుగు చెట్లు ఇక్కడా ఉన్నాయి. లోలా పిలార్ అటక మీద దాచుకున్న దూది తెచ్చి, మూలదాకా కూరి, బిస్కట్ల డబ్బాలోని దారంతో కుట్టింది. ఆ మూల దారం ఎర్రగా ఉంది, మిగతా మూడూ మీవి.

డబ్బా ఫిబ్రవరిలో వస్తుంది. ఖాళీగా పంపనంది ఆవిడ.

మీ మాట ఆవిడకి చెప్పాను. మెషీన్ సరిచేసుకుని రెండోసారి చెప్పించుకుంది. తర్వాత నా వైపు చూసి నవ్వింది.

ఇరవై నాలుగున ఆవిడకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. నా పక్కన కూర్చుని తాళం వేసింది. మైకు నా దగ్గర ఉంది.

షైనీ